చేపల నీళ్లు తాగిన చెట్టు

మొన్న పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే, పక్కనున్న పెద్దమనిషి ఫోనులో ఒక చెట్టు ఫొటో చూపించి దీని పేరేమిటో తెలుసా అని అడిగాడు. గుత్తులు గుత్తులుగా పసుపు పూలు. పేరు నాకు తెలుసు. కానీ నోట్లోంచి ముందు వచ్చింది పేరు కాదు. "ఎవరింట్లో ఉందండీ?" అన్నాను. ఇంటికీ చెట్టు పేరుకీ సంబంధమేమిటన్నట్టు ఆయన నన్ను చూసి ఫోను వెనక్కి తీసుకున్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు. మా పక్కింటావిడది. ఆవిడ పోయి ఏడాది దాటింది. చేపలమ్మేది. నేను అత్తా అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను అల్లుడా అనేది. మా రెండిళ్లకీ చుట్టరికం లేదు. వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం, మాది కొబ్బరి, జీడితోటల కుటుంబం. సోంపేట నుంచి సముద్రానికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. అక్కడ వరసలు కలవడానికి పక్కపక్కన ఉండడం చాలు.

ఏది కొత్తగా కనిపించినా ఆవిడ ముందు అడిగేది అదే. వీధిలోకి కొత్త మనిషి వస్తే "ఎవులింటికొచ్చినావు బావు?" కొత్త కుక్క వస్తే "ఇది ఎవులింటిది?" సముద్రం మీద మబ్బు లేస్తే గడ్డం ఎత్తి దాన్ని చూసి, "ఎవులింటి మీద పడతాదో మరి" అనేది. వచ్చింది ఏమిటన్నది ఆవిడకి తర్వాతి సంగతి.

గడ్డం సంగతి కూడా చెప్పాలి. చేతులు ఎప్పుడూ తడిగా, పొలుసులంటి ఉండేవి కాబట్టి ఆవిడ దేన్నీ వేలితో చూపించేది కాదు. అన్నీ గడ్డంతోనే. కొంచెం ఎత్తితే మా ఇల్లు. ఇంకొంచెం ఎత్తితే సోంపేట. మెడ వెనక్కి వాలేదాకా ఎత్తితే గుజరాత్. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఏడాదిలో చాలా నెలలు అక్కడ బోట్ల మీద వేటకి పోతుండేవాడు. ఆ మెడ పూర్తిగా వాలినప్పుడల్లా ఇంక ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

తన చేపల్ని తాను ఎప్పుడూ పొగుడుకోలేదు. "ఎలా ఉన్నాయత్తా ఇవాళ?" అంటే, "సచ్చిపోయినాయి. సచ్చిపోయినోల్లు ఎలగుంటారు?" అనేది. మొహంలో నవ్వు ఉండేది కాదు. నవ్వంతా మనమే నవ్వుకోవాలి.

నా పని వేరు. ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇటుక ఎంత, సిమెంటు ఎంత, ఇనుము ఎంత పడుతుందో లెక్క కట్టి చెబుతాను. ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు. మేస్త్రీల పక్కన నిలబడి, తుఫానుకి పడిపోయిన గోడలు ఎందుకు పడ్డాయో చూసి నేర్చుకున్నాను. టెక్కలి దాకా పిలుస్తారు. ఆవిడకి నా పని మీద గౌరవమూ లేదు, చులకనా లేదు. "మా అల్లుడు ఇల్లు సూడకుండా ఇల్లు సెప్తాడు" అని చేపల బేరానికి వచ్చినవాళ్లకి చెప్పేది. అది మెచ్చుకోలా, వెక్కిరింతా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసిన ఆ పెద్ద తుఫాను తర్వాతి ఏడు ఆవిడ పెరట్లో ఒక మొక్క లేచింది. ఎవరూ నాటలేదు. వరద నీళ్లు తీసిన చోట, ఆవిడ రోజూ చేపలు కడిగే రాయి పక్కన మొలిచింది. చేపలు కడిగిన నీళ్లన్నీ దాని మొదట్లోకే పోయేవి. ఆ నీళ్లు తాగి నాలుగైదేళ్లలో ఇంటి చూరు దాటింది. ఆకులు కొమ్మ చివర గుత్తుగా వస్తాయి, అంచున సన్నటి రంపపు పళ్లు. ముదిరిన ఆకు రాలేముందు ఎర్రబడుతుంది. ఆ మాత్రం గుర్తులున్న చెట్టుకి ఊళ్లో పేరు చెప్పేవాళ్లు లేకపోయారు.

వేసవిలో వేట నిషేధం నెలల్లో కొడుకు గుజరాత్ నుంచి వచ్చాడు. పెళ్లయిన రెండో ఏడు. కోడలు కడుపుతో ఉంది. ఉన్న ఒక్క గదిలో అంతా సర్దుకోలేరు, ఇంకో గది వెయ్యాలి. అతను నన్ను పిలిచాడు.

"బావా, నాను మల్లీ బోటెక్కీలోపు గోడలు లెగాలి. ఎంత పడతాదో సెప్పు."

టేపు పట్టుకుని వెళ్లాను. ఆవిడ చెట్టు కింద కూర్చుని కవళ్ల చేపలు తోముతోంది.

"ఏటి కొలుత్తన్నావల్లుడా?"

"గదికి, అత్తా."

"గదెక్కడ?"

"ఇక్కడే."

ఆవిడ గడ్డం చెట్టు వైపు లేచింది. "మరి ఈడెక్కడికెల్తాడు?"

కొడుకు విసుక్కున్నాడు. "అది పిచ్చిసెట్టమ్మా. పువ్వు నేదు, కాయ నేదు. పేరు కూడా నేదు."

"పేరు నేకపోడమేటి. నీకు తెల్దు. నీకు తెల్దని దానికి పేరుండదేటి?" చేతిలో చేపని తిప్పి రెండో వైపు తోమడం మొదలుపెట్టింది. "పేరు తెలీనోణ్ణి వాకిట్లోంచి గెంటకూడదు. ఈడెవులో ముందు కనుక్కోండి. తెలిసినాక కొట్టీసుకో, నాను మాట్టాడను."

అతను నావైపు తిరిగాడు. "విన్నావు కదా బావా. నువ్వే కనుక్కో. బేగి."

అలా ఆ పని నా నెత్తిన పడింది. పేరు దొరికితే చెట్టు పోతుంది, దొరక్కపోతే గది లేవదు. కోడలికి పురుడొచ్చేలోపు గది కావాలన్నది న్యాయమైన కోరికే. కాదనడానికి నాకేమీ దొరకలేదు.

నా పద్ధతి నాది. ఏదో తెలియనప్పుడు, ఏది కాదో ఒక్కొక్కటీ తీసేస్తూ పోతాను. ఆకు నలిపితే జీడి వాసన లేదు కాబట్టి జీడి జాతి కాదు. తొడిమ విరిస్తే పాలు కారలేదు కాబట్టి ఇప్ప కాదు. కొమ్మలు అంతస్తులుగా లేవు కాబట్టి బాదం కాదు. పొన్న అయితే ఆకు మీద దగ్గర దగ్గరగా గీతలుండాలి, పైగా పొన్నని ఆవిడే గుర్తుపట్టేది. పలాసలో మొక్కలమ్మేవాడికి ఆకు చూపిస్తే బాదంలో ఏదో రకం అన్నాడు. ఫోనులో ఫొటో తీసి అడిగితే దగ్గర నుంచి తీసినదానికి ఒక పేరు, దూరం నుంచి తీసినదానికి ఇంకో పేరు చెప్పింది.

అది విని ఆవిడ, "పాపం, దానికీ తెల్దు. తెల్దని సెప్పుకోడానికి సిగ్గు" అంది.

ఒక మధ్యాహ్నం నేను ఆకు పొడవు, వెడల్పు కొలుస్తుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

"కాదు, కాదు, కాదు అని ఎన్నంటావల్లుడా? పెళ్లి సంబందాలు సూసినట్టున్నాది."

"కానివన్నీ పోతే అయినది మిగులుతుంది కదత్తా."

"మిగుల్తాది" అని రాలిన ఆకు ఒకటి చేతిలోకి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "తుపానుకి పెరట్లో నా కొబ్బరి సెట్లన్నీ పడిపోనాయి. నీకు తెలుసు, నువ్వే రాయించినావు. ఆపీసరొచ్చినా, సుట్టాలొచ్చినా ఎన్ని పోనాయని అడిగినోల్లే. ఏటొచ్చింది అని ఒక్కడూ అడగనేదు. ఆ ఏడు నా ఇంటికొచ్చింది ఇదొక్కటే."

పడిపోయిన చెట్లు నష్టపరిహారం జాబితాలో రాయించింది నేనే, నిజమే. ఊరంతా తిరిగి, ఎవరి తోటలో ఎన్ని మొదళ్లు పడ్డాయో లెక్క చెప్పడానికి ఆఫీసర్లు నన్నే వెంట తీసుకెళ్లారు. పోయినవాటికి లెక్క ఉంటుంది. వచ్చినదాన్ని లెక్కపెట్టాలన్న ఊహ అప్పుడు నాకే కాదు, ఎవరికీ రాలేదు. ఆకు అక్కడ పెట్టేసి టేపు చుట్టేశాను. ఆ చెట్టు ఆవిడకి ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది తెలిశాక నా వెతుకులాటలో తొందర తగ్గింది.

ఇంతలో చెట్టు నుంచి పొడుగాటి తీగల్లాంటివి కిందికి వేలాడాయి. వాటి నిండా గింజల్లాంటి మొగ్గలు. ఆవిడ చూసి కొడుకుని పిలిచింది.

"సూడు. కడుపుతో ఉన్నాది. తొలిచూలు."

మా వైపు తొలిసారి పూతకొచ్చిన చెట్టు మీద కత్తి పెట్టరు. పూసి, ఆ పువ్వు నేల చూసేదాకా ఆగుతారు. మామిడికైనా, మునక్కైనా అంతే. కొడుక్కి అది తెలియంది కాదు. కోడలు గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. అతను ఆమెని చూసి మళ్లీ వల ముందు కూర్చున్నాడు.

అప్పటి నుంచి పువ్వు కోసం కాపలా. ఉదయం నేను చూసేవాణ్ణి, మధ్యాహ్నం కోడలు చూసేది. మొగ్గలు లావెక్కేవి. మర్నాటికి తీగ మీద కొన్ని ఉండేవి కావు. పువ్వు మాత్రం కనిపించేది కాదు. "మొగ్గలోనే రాలిపోతంది. ఇది పూసీది కాదు, కాసీది కాదు" అన్నాడు కొడుకు. వేట మళ్లీ మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది. ఇటుక బండికి చెప్పేశానని కూడా అన్నాడు.

అతను రోజంతా ఆ చెట్టు కిందే కూర్చుని వల బాగుచేసుకునేవాడు. ఆవిడ తెల్లవారకముందే లేచి, చీకట్లోనే పెరడు ఊడ్చి, నిషేధం లేని చిన్న తెప్పలొచ్చే వేళకి గట్టుకి పోయేది. పోతూ పోతూ కొడుకుని తిట్టడం మా ఇంట్లోకి వినిపించేది.

"వల ముక్కలు కత్తిరించి ఎక్కడివక్కడ ఒదిలీసినావురా. సీపురంతా సుట్టుకుపోతన్నాయి. సముద్రంలో ఉన్నట్టే ఇంట్లోనూ ఉంటే ఎలగ?"

అతను నిద్రలోంచి "నాను కత్తిరించనేదే" అనేవాడు. "మరి నాను కత్తిరించినానేటి?" అనేది ఆవిడ.

ఒకరోజు పొద్దున్న పనికి బయల్దేరుతూ వాళ్ల చెత్తగుంట పక్కనుంచి వెళ్లాను. పైన ఆవిడ ఊడ్చి పోసిన కుప్ప. అందులో నైలాను దారాల్లాంటి సన్నటి పోగులు, బోలెడు. ఎర్రగా ఉన్నాయి. రెండడుగులు దాటాక ఆగిపోయాను. అతని వల ఆకుపచ్చది. ఆ ఇంట్లో ఎర్ర వల లేదు. వెనక్కి వచ్చి చేత్తో తీసి చూస్తే ఆ పోగులన్నీ ఒక చిన్న ఆకుపచ్చ గిన్నె అంచున కుచ్చులా అతుక్కుని ఉన్నాయి.

చెట్టు ఎప్పటి నుంచో రాత్రిళ్లు పూస్తూనే ఉంది. వల బాగుచేసే ఇంట్లో తప్ప ఇంకే ఇంట్లోనైనా దాన్ని మొదటిరోజే పువ్వు అనుకునేవాళ్లు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ నలుగురం చెట్టు కింద కూర్చున్నాం. నేను కారణం చెప్పలేదు, కూర్చుని చూద్దామన్నాను అంతే. వెలుతురు తగ్గుతుంటే తీగల మీద మొగ్గలు విచ్చుకోవడం మొదలైంది. ఒక్కొక్క మొగ్గలోంచి ఎర్రటి కేసరాలు కుచ్చుగా బయటికొచ్చాయి. కాసేపటికి చెట్టు చుట్టూ ఎర్ర తెరలు దించినట్టయింది. సన్నటి తీపి వాసన.

ముందు మాట్లాడింది ఆవిడే. కొడుకు వైపు తిరిగి, "నువ్వు కాదురా కత్తిరించింది" అంది.

"నాను సెప్తానే ఉన్నాను కదమ్మా."

"సెప్పినావు. ఊరికే తిట్టినాను." చెట్టుకేసి గడ్డం ఎత్తింది. "నిన్నూ ఊడ్చి గుంటలో పోసినాను. ఏటనుకోకు."

మర్నాడు ఒక పూల తీగని తడిగుడ్డలో చుట్టి సోంపేట తీసుకెళ్లాను. అక్కడ బస్సు దిగిన చోటే ఒక ముసలాయన గుడ్డలోంచి వేలాడుతున్నదాన్ని చూసి, "ఏటి, కణపపువ్వు పట్టుకెల్తన్నావు?" అన్నాడు. వాళ్లది బీల పక్క ఊరట. ఉద్దానంలో బీల అంటే ఏడాదంతా నీళ్లు నిలిచే చిత్తడి నేల. ఆ గట్ల మీద ఈ చెట్లు బోలెడున్నాయట. కాయలు నీళ్ల మీద తేలి పోతాయి, ఎక్కడ నీరు తీస్తే అక్కడ మొలుస్తాయి అన్నాడు. ఇచ్ఛాపురం అవతల ఒడియావాళ్లు దీన్నే హింజల అంటారన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది.

"దీని బెరడు దంచి గుంటలో ఏసీవోల్లం సిన్నప్పుడు. సేపలన్నీ మత్తెక్కి తేలిపోయేవి. సేపలకి ఇసమిది."

తిరుగు బస్సులో ఆ ఆఖరి మాటే మెదిలింది. ఒక చేపలమ్మే మనిషి పెరట్లో, ఆవిడ చేపలు కడిగే రాయి పక్కన, చేపల్ని చంపే చెట్టు. కొట్టేయడానికి ఇంతకంటే మంచి కారణం కొడుక్కి దొరకదు. పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. కానీ సగం చెప్పిన లెక్క మీద గోడ నిలవదని నాకు తెలుసు. మొత్తం చెప్పాలనే అనుకున్నాను.

వెళ్లేసరికి తల్లీ కొడుకూ పెరట్లోనే ఉన్నారు. పేరు చెప్పాను. బీల నుంచి వరదలో కొట్టుకొచ్చి ఉంటుందన్నాను. "అయితే మన బీలోడే" అంది ఆవిడ తృప్తిగా. తర్వాత బెరడు సంగతి చెప్పాను.

ఆవిడ చేతిలో పని ఆగింది. చెట్టునీ, రాయినీ, గంపలో చేపల్నీ చూసింది.

"సేపల్ని సంపుతాదా?"

"అలా అన్నారత్తా."

"మరి నాను సంపనేటి? నా కొడుకు సంపడేటి? సేపల నీళ్లు తాగి పెరిగినాది, మన బుద్ధులే వచ్చినాయి." నేను చూస్తుండగా ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. భుజాలు కదిలేలా నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో కొడుకుతో అంది: "పేరు తెలిసినాది. పువ్వు నేల సూసినాది. మాటిచ్చినాను. రేపు కొట్టీసుకో."

అతను తల వంచుకుని వల కళ్లు ముడేస్తున్నాడు. "నాను కొట్టను" అన్నాడు.

"గదొద్దేటి?"

"కావాలి."

"మరి?"

"నాను కొట్టను. నువ్వు కావలిస్తే కొట్టు."

"నానెందుకు కొడతాను? ముందర గొడ్డలట్టుకు తిరిగినోడివి నువ్వా, నానా?"

"నిన్న సాయంత్రం దాకా అది పిచ్చిసెట్టు" అన్నాడు అతను.

నిన్నటిదాకా ఒకరు కొట్టమని, ఇంకొకరు వద్దని. ఇవాళ ఇద్దరూ స్థానాలు మార్చుకుని అదే గొడవ. కోడలు గుమ్మంలోంచి నన్ను చూసింది. ఏదో ఒకటి చెయ్యమన్నట్టుంది ఆ చూపు.

నేను లేచి మళ్లీ టేపు తీశాను. అప్పటిదాకా నేను కట్టిన లెక్క అంతా గది అక్కడే వస్తుందన్న నమ్మకం మీద కట్టింది. ఎన్ని ఇటుకలని అడిగారు, ఎన్నో చెప్పాను. ఎక్కడ అని నేను అడగలేదు. గదిని అడ్డంగా తిప్పి మా ప్రహరీ వైపు జరిపి చూశాను. చెట్టు తప్పింది. కానీ మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య సందు వదిలితే గది మంచానికి కూడా చాలదు. సందు వదలకపోతే సరిపోతుంది. అసలు ఆ వైపు గోడే కట్టకపోతే ఇంకా బాగా సరిపోతుంది.

మా ప్రహరీ తుఫాను తర్వాత నేనే దగ్గరుండి కట్టించుకున్నది. తొమ్మిదంగుళాల గోడ. పునాది ఎంత లోతో నాకు తెలుసు. ఇంకో నాలుగు వరసలు లేపితే రేకుల కప్పు మోస్తుంది. వాలు వాళ్ల పెరటి వైపు పెడితే చూరు నీళ్లు మా వైపు పడవు. ఉమ్మడి గోడ పెట్టుకుని కోర్టు దాకా వెళ్లినవాళ్లని కోటబొమ్మాళిలో చూశాను, టెక్కలిలో చూశాను. నన్నడిగిన ప్రతివాడికీ ఉమ్మడి గోడ వద్దనే చెప్పాను. అవన్నీ గుర్తొచ్చాయి. అయినా నోరు తెరిచాను.

"మూడు గోడలు చాలు. నాలుగోది మాది ఉంది కదా."

కొడుకు వల పక్కన పెట్టాడు. "నీ గోడ మీద మా కప్పా బావా? రేపు మీవోల్లు ఏటైనా అంటే?"

"ఒల్లకుండరా" అని కొడుకు నోరు మూయించింది ఆవిడ. నా మొహంలోకి చాలాసేపు చూసింది. గడ్డం కదల్లేదు. "ఆలోసించి సెప్పినావా అల్లుడా?"

"లెక్క చూసే చెప్పాను అత్తా."

"లెక్క సరే. ఆలోసించినావా?"

ఆలోచించానన్నాను.

వేట మొదలయ్యేలోపు గది లేచింది. గృహప్రవేశమనేంత ఏమీ చెయ్యలేదు. ఆవిడ తలస్నానం చేసి, పసుపు కలిపిన గిన్నె పట్టుకుని, కొత్త గది లోపల నాలుగు గోడలకీ బొట్లు పెట్టింది. ఆవిడ చేతులకి పొలుసులు లేకుండా నేను చూసింది ఆ రోజే. మా ఇంటికి పాయసం వస్తుందేమో అనుకుంటూ వరండాలో కూర్చున్నాను. గిన్నె పట్టుకుని ఆవిడే వచ్చింది. పలకరించకుండా నన్ను దాటి మా పెరట్లోకి వెళ్లి, ఆ గోడకి మా వైపున బొట్లు పెట్టడం మొదలుపెట్టింది.

వెనకే వెళ్లాను. "ఇటెందుకత్తా? గది అటుంది కదా."

"గోడకి రెండు మొకాలుంటాయల్లుడా. ఒక మొకానికే బొట్టెడితే రెండోది ఏటనుకుంటాది?"

ఆఖరి బొట్టు పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని, దార్లో నిలబడి ఉన్న నా చొక్కాకి పసుపు చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది.